చల్లని సముద్రం దగ్గర కొలువు

బ్రిటన్‌లో సముద్రతీర క్రీడల సీజన్ ఈస్టర్ సెలవులతో మొదలవుతుంది. మార్చి చివరో ఏప్రిల్‌లోనో ఎండ మొహం చూపిస్తుంది, తీరం వెంట మూసి ఉన్న దుకాణాలు తెరుచుకుంటాయి, శిక్షణ కేంద్రాలు కొత్త సిబ్బందిని పనిలోకి తీసుకుంటాయి. గాలిలో ఒక్కోరోజు 15 డిగ్రీలు దాటుతుంది. అదే రోజు నీటిలో చూస్తే కార్న్‌వాల్‌లో 10 డిగ్రీల దగ్గర, స్కాట్లండ్ ఉత్తర తీరంలో 7 డిగ్రీల దగ్గర ఉంటుంది. సముద్రం నేలకన్నా ఆలస్యంగా చల్లబడుతుంది, ఆలస్యంగా వేడెక్కుతుంది. అందుకే అక్కడ నీళ్లు బాగా చల్లగా ఉండేది క్రిస్మస్ రోజుల్లో కాదు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. కాస్త వెచ్చబడేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అప్పుడు కూడా ఉత్తరాన 13, 14 డిగ్రీలు మించదు. విశాఖ సముద్రం చలికాలంలోనూ 25 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది.

అంటే ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే మనిషి, తన అనుభవం అతి తక్కువగా ఉన్న వారాల్లోనే, ఏడాదిలో దాదాపు అతి చల్లని నీటిలోకి దిగుతాడు. ఈ పని గురించి అడిగేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. జీతం, వీసా, సర్టిఫికెట్ల మాట ఆ తర్వాత.

బ్రిటన్‌లో చదువుకుంటున్న, చదువు ముగించి పని వెతుక్కుంటున్న మనవాళ్లకు గోదాముల్లో రాత్రి డ్యూటీలు, కేర్ హోమ్‌లు, రెస్టారెంట్ వంటగదులు బాగా తెలుసు. తీరం పని తెలిసినవాళ్లు తక్కువ. కార్న్‌వాల్‌లో బ్యూడ్, న్యూకీ, డెవన్‌లో క్రోయిడ్, వేల్స్‌లో గవర్ ద్వీపకల్పం, పెంబ్రోక్‌షైర్, ఉత్తర ఐర్లండ్‌లో పోర్ట్‌రష్ లాంటి చోట్ల సర్ఫింగ్, కయాకింగ్, నిలబడి తెడ్డు వేసే ప్యాడిల్ బోర్డింగ్, రాతి గట్ల వెంట ఈదుతూ ఎక్కుతూ దూకుతూ సాగే కోస్టీరింగ్ నేర్పే కేంద్రాలు ఉన్నాయి. వాటికి ఏటా వేసవికి మనుషులు కావాలి. ఇన్‌స్ట్రక్టర్లే కాదు, పడవలు మోసేవాళ్లు, సామాను కడిగి ఆరబెట్టేవాళ్లు, బుకింగ్ బల్ల దగ్గర కూర్చునేవాళ్లు, బీచ్ లైఫ్‌గార్డులు కూడా. అన్నిటికన్నా నైపుణ్యం కోరేది కయాక్ సర్ఫింగ్. చిన్న పడవలో కూర్చుని తెడ్డుతో అలను అందుకుని, దాని వాలు మీద జారుతూ తీరం వైపు రావడం. ఆ పని చుట్టూ మిగతావి కూడా చెప్తాను.

ముందు చలి మాట. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర, డండీలో చదువుకుంటున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు నీటిలో మునిగి చనిపోయారు. అది నది, సముద్రం కాదు. అయినా ఏప్రిల్ నీళ్లు ఏప్రిల్ నీళ్లే. ఆ వార్త చదివి చాలామంది ‘ఈత రాదేమో’ అనుకుని ఊరుకున్నారు. ఆ రోజు అక్కడ ఏం జరిగిందో దూరాన ఉన్న నేను చెప్పలేను, చెప్పకూడదు. చల్లని నీరు ఈతగాడిని కూడా ఏం చేస్తుందో మాత్రం అందరూ తెలుసుకోవాలి.

నీటిలో పడి చనిపోయినవాళ్లు చలికి ఒళ్లు గడ్డకట్టి పోయారని మనం అనుకుంటాం. చాలాసార్లు అంత సమయమే దొరకదు. 15 డిగ్రీల కన్నా చల్లని నీరు ఒక్కసారిగా ఒంటిని తాకగానే, మనం ఆపుకోలేని పెద్ద ఊపిరి లోపలికి వస్తుంది. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే వచ్చేది గాలి కాదు. ఆ వెంటనే ఆయాసం, గుండె దడ, రక్తపోటు పెరగడం. దీన్ని కోల్డ్ షాక్ అంటారు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ ఏళ్ల తరబడి దీని మీదే పరిశోధన చేశారు. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఆ క్రమాన్ని అందరికీ గుర్తుండేలా 1, 10, 1 అని చెప్పారు. గడ్డకట్టేటంత చల్లని నీటిలో ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం. చేతులు, కాళ్లు చెప్పినట్టు వినేది మరో 10 నిమిషాలు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. అంకెలు మనిషిని బట్టి, నీటిని బట్టి మారతాయి. వరస మారదు.

మొదటి నిమిషంలో చెయ్యాల్సింది ఈదడం కాదు, తేలడం. బ్రిటన్‌లో 1824 నుంచి సముద్రంలో ప్రాణాలు కాపాడుతున్న ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ పిల్లలకూ పెద్దలకూ నేర్పేది ఇదే. తల వెనక్కి వాల్చి, చెవులు నీళ్లలో మునిగేలా పెట్టి, చేతులు మెల్లగా ఆడిస్తూ, ఊపిరి కుదుటపడే దాకా ఆగాలి. ఆ తర్వాత అరవాలి, లేదా ఈదాలి. భయపడ్డ మనిషి ఒళ్లు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చేయమంటుంది. అందుకే మీ ఊళ్లోని స్విమ్మింగ్ పూల్‌లో, గట్టు పక్కన లైఫ్‌గార్డ్ ఉండగా, బట్టలతోనే తేలడం ముందే సాధన చెయ్యండి.

తర్వాతి 10 నిమిషాలు కయాక్ వాళ్లకు మరీ ముఖ్యం. కూర్చునే చోట నడుముకు బిగించే స్ప్రే డెక్ ముందు భాగంలో ఒక పట్టీ ఉంటుంది. పడవ తిరగబడితే ఆ పట్టీ లాగి బయటపడాలి. వేళ్లు మొద్దుబారాక పట్టీ ఎక్కడుందో తడిమి తెలుసుకోవడమే కష్టం. ఇంకొకటి, వెచ్చని పూల్‌లో అరనిమిషం పైన ఊపిరి బిగపట్టగలిగే మనిషి, 8 డిగ్రీల నీటిలో తలకిందులైతే కొద్ది సెకన్లు కూడా నిలవలేకపోవచ్చు. చల్లని నీళ్లు చెవిలోకి వెళ్తే తల తిరిగి పైకేదో కిందికేదో తెలియదు. పూల్‌లో తెడ్డుతో పడవను తిరిగి నిలబెట్టే ‘రోల్’ చక్కగా వచ్చిన మనిషికి సముద్రంలో అది రాకపోవడానికి సగం కారణం ఇదే. కాబట్టి రోల్ వచ్చిందని మురిసిపోకుండా, దాన్ని చల్లని నీటిలో, హెల్మెట్ కింద నియోప్రీన్ టోపీ పెట్టుకుని, పక్కన మనిషి నిలబడి ఉండగా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

మూడోది ఒళ్లు చల్లబడటం. ఇది ఇన్‌స్ట్రక్టర్ ఇతరుల్లో కనిపెట్టాల్సిన సంగతి. వణుకు అందరికీ కనిపిస్తుంది. వణుకు కన్నా నాకు భయం కలిగించేది నిశ్శబ్దం. అంతదాకా గలగలా మాట్లాడిన పిల్ల ఊరుకుందంటే, మాట ముద్దగా వస్తోందంటే, హెల్మెట్ బకిల్ పెట్టుకోలేక తడబడుతోందంటే ఆ బృందమంతా ఒడ్డుకు రావాల్సిందే. గాలి తగలని చోటికి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, పొడి బట్టలు, టోపీ, దుప్పటి కప్పాలి. తెలివిగా ఉండి మింగగలిగితే తియ్యని వేడి పానీయం ఇవ్వాలి. ఒళ్లు రుద్దకూడదు, వేడినీళ్ల షవర్ కింద నిలబెట్టకూడదు, బ్రాందీ అసలే వద్దు. బాగా చల్లబడిన మనిషిని పడుకోబెట్టి ఉంచాలి, నడిపించకూడదు. బయటికి వచ్చాక కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి దిగుతూనే ఉంటుంది. సెషన్ అయిపోయిందని కళ్లు తిప్పుకోకూడని సమయం అది.

ఇక బట్టలు. తీరం వాళ్లు తమ పిల్లలకు మొదట నేర్పేది ఒకటే సూత్రం, గాలిని చూసి కాదు నీటిని చూసి బట్టలు వేసుకోవాలని. ఎండ కాస్తోందని ఏప్రిల్‌లో పల్చని సూట్‌లో దిగేవాళ్లను మొదటి సెషన్‌లోనే వెనక్కి పంపాల్సి వస్తుంది. వెట్‌సూట్ మీద 5/4/3 అని ఉంటే ఛాతీ దగ్గర 5 మిల్లీమీటర్లు, కాళ్ల దగ్గర 4, చేతుల దగ్గర 3 మందం అని అర్థం. వసంతంలో ఇదే కావాలి, జులై తర్వాత 3/2 సరిపోతుంది. ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులుగా ఉంటే ప్రతి అలకూ చల్లనీళ్లు లోపలికి వచ్చి, మీ ఒళ్లు వెచ్చబరిచిన నీళ్లను తోసేస్తాయి. డ్రైసూట్‌లో నీరు రాదు, కానీ దానంతట అది వెచ్చదనమూ ఇవ్వదు. లోపల ఉన్నియో ఫ్లీసో వేసుకోవాలి, వేసుకున్నాక కుంగి కూర్చుని మెడ దగ్గర పట్టీ వదిలి లోపలి గాలి బయటికి పంపాలి. నూలు బట్ట ఏ పొరలోనూ వద్దు. తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. చేతులకు గ్లవ్స్ కన్నా తెడ్డుకు తొడిగే పోగీలు నాకు నచ్చుతాయి. లోపల వేళ్లు నేరుగా తెడ్డును పట్టుకుంటాయి, పట్టు తెలుస్తుంది.

నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకూ నేర్పేవాళ్లకూ ఒక తేడా ఉంది. వచ్చినవాళ్లు రెండు గంటలు అలల్లో ఎగిరి గంతేసి వెళ్లిపోతారు, కదులుతూ ఉంటారు కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉంటుంది. ఇన్‌స్ట్రక్టర్ నడుము లోతు నీళ్లలో నిలబడి వాళ్ల పడవలు తిప్పి ఇస్తూ, వాళ్లను లెక్కపెడుతూ ఉంటాడు. పొద్దున ఒక సెషన్, మధ్యాహ్నం ఒకటి, కొన్నిచోట్ల సాయంత్రం ఇంకొకటి. రెండో సెషన్‌కు పొద్దుటి తడి సూట్‌నే తొడుక్కుంటే సగం వేడి అప్పుడే పోతుంది. కాబట్టి మీకు రెండు సూట్లు కావాలి, నడుమ పొడి బట్టలు, వేడి భోజనం కావాలి. పెట్టెలో అన్నం, పప్పు తెచ్చుకునే మనవాళ్లు ఈ విషయంలో సాండ్‌విచ్ తినేవాళ్ల కన్నా మెరుగే. ఫ్లాస్కులో వేడిగా తెచ్చుకోండి. సూట్లు ఎవరు కొనాలన్న ప్రశ్నకు బ్రిటన్ చట్టంలో జవాబు ఉంది. పనిలో భద్రత కోసం అవసరమైన రక్షణ సామగ్రి యజమాని ఉచితంగా ఇవ్వాలి. 2022 ఏప్రిల్ నుంచి ఇది ఉద్యోగులతో పాటు తాత్కాలికంగా పనిచేసే వర్కర్లకూ వర్తిస్తుంది.

ఏళ్ల తరబడి చల్లగాలి, చల్లనీరు తగిలితే చెవి కాలువలో ఎముక పెరిగి దారి ఇరుకవుతుంది. సర్ఫర్లలో ఇది మామూలే. దానికి ఆపరేషన్ తప్ప మందు లేదు, రాకుండా చూసుకోవడానికి చెవి ప్లగ్గులు సాయపడతాయి. మొదటి రోజు నుంచే పెట్టుకోండి. పెద్ద వాన కురిసిన మర్నాడు నీళ్లలోకి దిగేముందు ఇంకో సంగతి చూసుకోవాలి. బ్రిటన్‌లో చాలాచోట్ల వాన నీరూ మురుగూ ఒకే గొట్టంలో వెళ్తాయి. అవి పొంగినప్పుడు మురుగును సముద్రంలోకి వదులుతారు. కార్న్‌వాల్‌లో 1990లో పుట్టిన సర్ఫర్స్ అగెన్‌స్ట్ సీవేజ్ అనే సంస్థ ఏ బీచ్‌లో ఎప్పుడు వదిలారో ఫోన్‌లో చెప్తుంది. రోజంతా నీళ్లలో ఉండే ఉద్యోగికి కడుపు నొప్పి అంటే ఆ వారం జీతం పోవడమే. అది చిన్న విషయం కాదు.

కయాక్ సర్ఫింగ్ పనిలోకి వద్దాం. పోటీల్లో వాడే పడవలు రెండు రకాలు. 3 మీటర్ల లోపు ఉండి అడుగున ఫిన్లతో సర్ఫ్‌బోర్డులా తిరిగేవి హై పర్ఫార్మెన్స్. 3 మీటర్లు, ఆపైన ఉండి ఫిన్లు లేకుండా వేగంగా జారేవి ఇంటర్నేషనల్ క్లాస్. నేర్చుకునేవాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు. పైన కూర్చునే సిట్ ఆన్ టాప్ ప్లాస్టిక్ పడవే వాళ్లకు సరి. తిరగబడితే ఊరికే జారి నీళ్లలో పడతారు, ఇరుక్కునే భయం ఉండదు.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. స్కాట్లండ్ ఉత్తర తీరంలోని థర్సో ఈస్ట్ అలను ప్రపంచమంతా పొగుడుతుంది, కానీ అది పరుపు రాతి పలక మీద విరుగుతుంది, కొత్తవాళ్లకు పనికిరాదు. మెల్లగా వాలిన ఇసుక తీరంలో, నురగ జారుతూ విరిగే నడుము ఎత్తు అల కావాలి. ఒడ్డునే ధడాలుమని కూలే అల ఉన్నచోట పిల్లలను దించకూడదు. ఆటుపోట్లు తెలియని మనిషి ఇక్కడ పని చెయ్యలేడు. బ్రిస్టల్ చానెల్ పైభాగంలో పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం దాదాపు 14 మీటర్ల తేడాతో ఎక్కి దిగుతుంది. మన తూర్పు తీరంలో ఒకటి రెండు మీటర్లే చూసిన కంటికి అది నమ్మశక్యంగా ఉండదు. పొద్దున అర కిలోమీటరు ఇసుక ఉన్న చోట మధ్యాహ్నానికి రాతి గోడకు నీళ్లు తగులుతాయి. పోటు పట్టిక చదవడం నేర్చుకోండి. చదివి, ఆ రోజు ఏ గంటకు ఏ రాయి మునుగుతుందో కాగితం మీద రాసుకోండి. ఇందులో చురుకుగా ఉన్న కొత్త మనిషిని కేంద్రం వాళ్లు త్వరగా గుర్తిస్తారు.

అలల్లో ప్రాణాలు కాపాడే నియమాలు కొన్నే ఉన్నాయి. పడవకూ ఒడ్డుకూ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. నీళ్లు నిండిన పడవలో 200 లీటర్లుంటే 200 కిలోలు, దాన్ని అల తోసుకొస్తే మోకాలు నిలవదు. అల పక్కనుంచి కొట్టి పడవను అడ్డంగా తిప్పితే ఒళ్లు అల వైపే వాల్చాలి, ఒడ్డు వైపు కాదు. తెడ్డు ఆనించేటప్పుడు మోచేతులు ఒంటికి దగ్గరగా, కిందుగా ఉండాలి. చెయ్యి తల మీదికి లేచినప్పుడు అల లాగితే భుజం జారుతుంది. ఈ క్రీడలో ఎక్కువగా చూసే గాయం అదే, సీజన్ మధ్యలో జరిగితే ఉద్యోగం అక్కడితో ఆగినట్టే. ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే రిప్ కరెంట్ లాగితే ఎదురు ఈదకూడదు, పక్కకు జరిగి నురగ ఉన్న వైపు నుంచి తిరిగి రావాలి.

బీచ్‌లో ఎర్ర, పసుపు జెండాల మధ్య చోటు ఈదేవాళ్లది, పడవ ముక్కు కూడా అటు పోకూడదు. నలుపు తెలుపు గళ్ల జెండాల మధ్య బోర్డులు, కయాక్‌లు. ఎర్రజెండా ఒక్కటే ఉంటే ఎవరూ దిగకూడదు. అల విరిగే చోటుకు దగ్గరగా ఉన్నవాళ్లదే ఆ అల. తెడ్డు ఉన్నందువల్ల కయాక్ మనిషి ఇంకా దూరం నుంచే, ముందుగానే అలను అందుకోగలడు. బోర్డు సర్ఫర్లకు కయాక్‌లంటే కోపం రావడానికి కారణం ఇదే, ఆ కోపం న్యాయమైనదే. మీ బృందాన్ని జనం లేని వైపు తీసుకెళ్లండి.

గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీచే రోజు అన్నిటికన్నా మోసకారి. ఒడ్డున నిలబడితే నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, తల్లిదండ్రులు ఈ రోజు బాగుందంటారు. వంద మీటర్లు దాటాక గాలి పట్టుకుంటుంది, తిరిగి రావడానికి తెడ్డు చాలదు. గాలి దిశ చూపే నారింజ రంగు విండ్‌సాక్ ఎగురుతోందంటే అర్థం అదే.

ఈ మాటకు వెనక ఒక చరిత్ర ఉంది. 1993 మార్చి 22న ప్లిమత్‌కు చెందిన బడిపిల్లల బృందం, టీచరు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ నుంచి కొద్దిమైళ్ల దూరంలోని చార్‌మత్‌కు కయాక్‌లలో బయలుదేరారు. గాలి వాళ్లను లోపలికి నెట్టింది. పడవల మీద స్ప్రే డెక్‌లు లేవు, సాయం పిలవడానికి సిగ్నల్ మంటలు లేవు. చల్లని నీటిలో గంటల తరబడి ఉండి నలుగురు పిల్లలు చనిపోయారు. విచారణలో బయటపడిన సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. అంతకు ముందు సంవత్సరమే, వాళ్లను తీసుకెళ్లిన శిక్షణ కేంద్రంలో పనిచేసి వెళ్లిపోయిన ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు, భద్రత మీద శ్రద్ధ పెట్టకపోతే ఒక రోజు పిల్లలు ఇంటికి ఎందుకు రారో తల్లిదండ్రులకు చెప్పాల్సి వస్తుందన్న అర్థంలో యజమానికి ఉత్తరం రాశారు. ఆయన పట్టించుకోలేదు. 1994 డిసెంబరులో కోర్టు మేనేజింగ్ డైరెక్టర్‌ను జైలుకు పంపింది. కంపెనీ మీద కూడా మనుషుల మరణానికి బాధ్యత మోపి శిక్ష వేసింది. బ్రిటన్‌లో ఒక కంపెనీకి అలాంటి శిక్ష పడటం అదే మొదటిసారి. 1995లో చట్టం వచ్చింది. దాని వల్ల 18 ఏళ్ల లోపు పిల్లలను డబ్బు తీసుకుని సముద్రం మీద కయాక్‌లలో తిప్పే కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి అయింది.

ఆ ఉత్తరం రాసిన ఇద్దరిలాంటి ఉద్యోగులు కావాలి. కొత్త దేశంలో, కొత్త కొలువులో, ఇంగ్లీషు ఇంకా తడబడుతున్న మనిషికి ‘ఈ రోజు పిల్లలను దించను’ అని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మన పెంపకంలో పెద్దవాళ్లకు ఎదురు చెప్పకపోవడం మర్యాద. మేనేజర్ సరే అన్నాడు కదా, బృందం డబ్బు కట్టింది కదా అనిపిస్తుంది. అందుకే ఆ మాటను ఒడ్డున నిలబడి ఆలోచించకండి, ఇంట్లో ఉన్నప్పుడే తయారు చేసుకోండి. గాలి ఇంత దాటితే, అల ఇంత ఎత్తు దాటితే, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఇంతమంది దాటితే దిగను అని కేంద్రం వాళ్ల నిబంధనల కాగితంలో ముందే రాసి ఉంటుంది. ఆ కాగితం మొదటి వారమే అడిగి తీసుకోండి. ‘నాకు భయంగా ఉంది’ అనక్కర్లేదు, ‘మన కాగితంలో ఉన్న హద్దు దాటింది’ అంటే చాలు. మంచి కేంద్రంలో ఆ మాట అన్న కొత్త ఉద్యోగికి గౌరవం పెరుగుతుంది. పెరగని చోట ఉండకండి. జరిగిన ప్రతి చిన్న పొరపాటునూ తేదీతో సహా రాసి మెయిల్‌లో పంపండి, నోటితో చెప్పి వదిలెయ్యకండి.

ఇప్పుడు వీసా. ఇక్కడ మనవాళ్లు తరచూ ఇబ్బందుల్లో పడతారు కాబట్టి నిదానంగా చదవండి. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, మాస్టర్స్ చేసేవాళ్లు టర్మ్ జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు. తీరం పనికి గిరాకీ వేసవిలో. ఏడాది మాస్టర్స్‌లో ఉన్నవాళ్లు వేసవి సెలవులు కదా అనుకుంటారు, కానీ థీసిస్ రాసే ఆ నెలలు సాధారణంగా టర్మ్ కిందికే వస్తాయి. అప్పుడూ 20 గంటల హద్దే. రెండోది, స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషేధం. ఈ రంగంలో చాలా కేంద్రాలు ఇన్‌స్ట్రక్టర్లను రోజువారీ ఫ్రీలాన్సర్లుగా పిలిచి, బిల్లు పంపమంటాయి. బిల్లు పంపారంటే మీరు స్వయం ఉపాధిలో ఉన్నట్టే. పేస్లిప్ ఇచ్చి ఉద్యోగిగా తీసుకుంటేనే ఒప్పుకోండి. మూడోది, స్టూడెంట్ వీసా, చదువు ముగిశాక తీసుకునే గ్రాడ్యుయేట్ వీసా రెండిటి మీదా వృత్తి క్రీడాకారుడిగా పని చెయ్యకూడదన్న షరతు ఉంది, ఆ నిర్వచనంలో కోచింగ్ మాట కూడా ఉంది. మీకు ఇస్తామన్న పని దాని కిందికి వస్తుందో రాదో ఒప్పుకోకముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. లైఫ్‌గార్డ్, సామగ్రి, రిసెప్షన్ పనుల్లో ఈ చిక్కు తక్కువ. ఈ ఉద్యోగాలతో స్పాన్సర్‌షిప్ దొరికి అక్కడే స్థిరపడొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. ఆ పేరుతో డబ్బు అడిగితే అసలే ఇవ్వకండి.

జీతం పెద్దదేమీ కాదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు నిండినవాళ్లకు గంటకు కనీస వేతనం 12.21 పౌండ్లుగా ఉండేది. కనీస వేతనం కన్నా తక్కువ ఏ పేరుతో ఇచ్చినా చట్టవిరుద్ధం. ఈ అంకె ఏటా ఏప్రిల్‌లో మారుతుంది, చేరేముందు చూసుకోండి. కొన్ని కేంద్రాలు గది ఇస్తాయి. గదికి కోత ఎంతైనా వెయ్యొచ్చని కాదు. కనీస వేతనం లెక్కకొచ్చేసరికి రోజుకు ఇంత అని హద్దు ఉంది, 2025 ఏప్రిల్‌లో అది 10.66 పౌండ్లుగా ఉండేది. సెలవు జీతం కూడా మీ హక్కు, సీజన్ పనివాళ్లకూ పనిచేసిన మేరకు వస్తుంది.

సర్టిఫికెట్ల విషయం. ఈత బాగా రాకపోతే మిగతా ఏదీ మొదలు పెట్టకండి. కౌన్సిల్ నడిపే స్విమ్మింగ్ పూళ్లలో పెద్దవాళ్లకు తరగతులు ఉంటాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. పూల్ లైఫ్‌గార్డ్ అర్హతకు 50 మీటర్లు నిమిషం లోపు ఈదాలి, 100 మీటర్లు బోర్లా, 100 మీటర్లు వెల్లకిలా ఆగకుండా ఈదాలి. ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, ఇంటి దగ్గరి పూల్‌లోనే ఏడాది పొడవునా పని దొరుకుతుంది. మన విద్యార్థులకు నేను మొదటి మెట్టుగా చెప్పేది అదే. సముద్రం ఒడ్డున ఆర్‌ఎన్‌ఎల్‌ఐ లైఫ్‌గార్డ్ కావాలంటే ఇంకా పైస్థాయి కావాలి, 400 మీటర్లు ఏడున్నర నిమిషాల్లో, ఇసుకలో 200 మీటర్లు 40 సెకన్లలో.

కయాక్ వైపు వెళ్లేవాళ్లకు పాడిల్ యూకే అనే జాతీయ సంస్థ ఉంది, 2024 దాకా దాని పేరు బ్రిటిష్ కనూయింగ్. వాళ్ల మొదటి మెట్టు పాడిల్‌స్పోర్ట్ ఇన్‌స్ట్రక్టర్. దానితో గాలి, కెరటం లేని ప్రశాంతమైన నీటిలో మాత్రమే నేర్పొచ్చు. అలల్లో నేర్పాలంటే ఆపైన విడిగా శిక్షణ, పరీక్ష ఉన్నాయి, వాటికి కొన్ని సీజన్ల అనుభవం కావాలి. మొదటి మెట్టు సర్టిఫికెట్ చూసి మిమ్మల్ని అలల్లోకి పంపే కేంద్రం మిమ్మల్నీ పిల్లలనూ ప్రమాదంలో పెడుతోంది. బోర్డు సర్ఫింగ్ నేర్పాలంటే కోచింగ్ సర్టిఫికెట్‌తో పాటు నీటి రక్షణ అర్హత కూడా చూపించాలి. తిరిగి వచ్చి మన తీరాల్లో ఈ పనే చెయ్యాలనుకునేవాళ్లు గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ శిక్షణల గురించి కూడా కనుక్కోండి.

దరఖాస్తులు చలికాలంలోనే పెట్టాలి. జనవరి, ఫిబ్రవరిలో మంచి కేంద్రాలు మనుషులను ఎంచుకుంటాయి, మేలో ఖాళీలున్న చోట ఎందుకున్నాయో ఆలోచించండి. ఇంటర్వ్యూలో మీరూ అడగండి. లైసెన్సు నంబరు ఎంత, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది పిల్లలు, ఒడ్డు మీద రేడియోతో ఎవరుంటారు, సెషన్ల మధ్య ఎంత విరామం, సూట్లు ఆరబెట్టే వేడి గది ఉందా, పోయినేడు వాతావరణం బాగాలేక ఎన్ని సెషన్లు రద్దు చేశారు. ఆఖరి ప్రశ్నకు ఒక్కటీ చెయ్యలేదని గర్వంగా చెప్పే చోట చేరకండి. మార్చిలో జరిపే శిక్షణ వారానికి జీతం ఇస్తారా అని కూడా అడగండి. ఉద్యోగం కోసం యజమాని తప్పనిసరిగా రమ్మన్న శిక్షణ గంటలు పనిగంటలే, వాటికి కనీస వేతనం రావాలి.